కోట కింద తోట... మంటకు అడ్డం తోట!

కొండకొమ్మున పాడుబడిన కోట. కోట కింద ముళ్లపొదలు. పొదల మధ్య పచ్చటి చాపలు పరిచినట్టు ద్రాక్షతోటలు. దక్షిణ ఫ్రాన్స్‌లోని కోర్బియేర్ కొండల్ని ఫొటో తీస్తే ఎక్కడైనా వచ్చేది ఈ దృశ్యమే. 2025 ఆగస్టులో ఆ కొండలకు నిప్పంటుకుంది. పొదలు కాలాయి, పైన్ చెట్లు కాలాయి, ఇళ్లూ కాలాయి. చాలాచోట్ల ఆ మంట వెనక్కి తగ్గింది మాత్రం... తోటల గట్ల దగ్గరే!

విచిత్రం ఏంటంటే, సరిగ్గా అదే ఏడాది ఆ తోటల్ని వేళ్లతో సహా పీకేసిన రైతులకు ప్రభుత్వం డబ్బులిచ్చింది. హెక్టారుకు 4 వేల యూరోలు. ఎందుకంటే ఆ తోటల్లో పండే పంటతో చేసే వైన్‌ను తాగేవాళ్లు తగ్గిపోయారు.

తోట ఉంటే అప్పు. లేకుంటే నిప్పు. కోర్బియేర్ కథ ఈ రెండింటి మధ్య నలుగుతోంది.

పూతరేకుల్లాగే... పేరు ఊరిదే!

పారిస్ నుంచి రైలెక్కి దక్షిణంగా దాదాపు 800 కిలోమీటర్లు వెళ్తే నార్బొన్ వస్తుంది. ఒకవైపు మధ్యధరా సముద్రం. మరోవైపు, స్పెయిన్ సరిహద్దులోని పిరెనీస్ పర్వతాలకు ముందు మెట్లలా లేచే గుట్టలు. ఆ గుట్టలే కోర్బియేర్. ఓద్ అనే జిల్లాలో ఉంటాయి. దక్షిణ ఫ్రాన్స్‌లో ద్రాక్షకు పెట్టింది పేరైన లాంగ్‌దాక్ ప్రాంతంలో ఇదో పెద్ద ముక్క.

మనదగ్గర ‘వైన్స్’ అని బోర్డు పెట్టిన దుకాణాల్లో వైన్ తప్ప అన్నీ దొరుకుతాయి! ఫ్రాన్స్‌లో అలా కాదు. వైన్ అంటే ద్రాక్షరసాన్ని పులియబెట్టి చేసినదే. పైగా సీసా మీద ద్రాక్షరకం పేరుకన్నా ఊరి పేరు పెద్దగా ఉంటుంది. ఆత్రేయపురం పూతరేకులు, బందరు లడ్డూ అని మనం అన్నట్టే వాళ్లకు ‘బోర్దో’, ‘షాంపేన్’, ‘కోర్బియేర్’. ఆ పేరు వాడుకోవాలంటే ఆ నేలలోనే పండాలి, చెప్పిన రకాలే వేయాలి, చెప్పిన పద్ధతిలోనే చేయాలి. దిగుబడికీ హద్దుంది. హెక్టారుకు 5 వేల లీటర్లు దాటితే ఆ పేరు పెట్టుకోనివ్వరు. కోర్బియేర్‌కు ఈ హోదా 1985లో వచ్చింది. ఆ కొండల అంచునే ఉన్న ఫితూ గ్రామానికి అంతకన్నా చాలా ముందే, 1948లోనే దక్కింది.

ఇక్కడ తయారయ్యేదాంట్లో చాలావరకూ ఎర్ర వైనే. ముదురు రంగు, కాస్త వగరు. కొండల్లో పెరిగే థైమ్, రోజ్‌మేరీ ఆకుల వాసన ఈ వైన్‌లోనూ తగులుతుందంటారు తాగినవాళ్లు. ఆ మొక్కలన్నీ కలిసిన పొదల్ని అక్కడ ‘గారీగ్’ అంటారు. ఎండాకాలం ఆ పక్కగా నడిస్తే చాలు, వాసన గుప్పుమంటుంది. ఆ వాసన ఆకుల్లోని నూనెలది. ఆ నూనెలే మంటకు ఆజ్యం కూడా. ఆ సంగతి తర్వాత.

గాలిదే పెత్తనం

ఏడాది మొత్తానికి ఈ కొండల్లో పడే వాన 600 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. మన అనంతపురం కన్నా కాస్తే ఎక్కువ. పడే వేళ కూడా వేరు. మనకు ఎండాకాలం వెనకే వానాకాలం వచ్చి ఆదుకుంటుంది. అక్కడ వేసవి నడిమధ్యలో చినుకు ఉండదు. చలికాలంలో, దానికి ముందూ వెనకా కురిసిన నీళ్లతోనే మొక్క ఆగస్టుదాకా బతకాలి. అలాగని వరి, గోధుమ పండే నేలా కాదు. ఒకచోట సున్నపురాయి, ఒకచోట పలకరాయి, బుత్‌నాక్ ఊరి చుట్టూ ఎర్రమట్టీ గులకరాళ్లూ. రాళ్ల సందుల్లోంచి లోతుకు వేరు దింపి తడి వెతుక్కునే ద్రాక్ష, ఆలివ్, బాదంలాంటివే ఇక్కడ నిలబడతాయి.

ద్రాక్షతోట అంటే మనకు కళ్లముందు మెదిలేది పందిరి. హైదరాబాదు చుట్టుపక్కల ఒకప్పుడు విరగకాసిన అనాబ్ షాహీ తోటలు చూసినవాళ్లకైతే మరీనూ. కోర్బియేర్ పాతతోటల్లో పందిరి ఉండదు, కట్టిన తీగ కూడా ఉండదు. మోకాలెత్తు మొద్దు, దానిపైన నాలుగైదు పొట్టి కొమ్మలు. భూమిలోంచి ఎవరో చెయ్యి బయటపెట్టి వేళ్లు విప్పినట్టుంటుంది. ఆకులు గొడుగులా కమ్ముకుని గుత్తుల్ని ఎండ నుంచి కాపాడతాయి. పొట్టిగా ఉంటుంది కాబట్టి గాలికి విరగదు.

ఆ గాలి అలాంటిలాంటిది కాదు మరి. వాయవ్యం నుంచి రెండు పర్వతశ్రేణుల మధ్య సందులో దూరి, గొట్టంలోంచి ఊదినట్టు వచ్చిపడుతుంది. దాన్ని నార్బొన్ వైపు ‘సెర్స్’ అంటారు, ఇంకాస్త దక్షిణాన ‘ట్రమోంటాన్’ అంటారు. రోజుల తరబడి ఆగకుండా వీచి మనుషులకు తలనొప్పి తెప్పిస్తుంది. ద్రాక్షకు మాత్రం వైద్యుడే! వాన వెలిసిన కాసేపటికే ఆకుల్ని ఆరబెట్టేస్తుంది. తేమ లేనిచోట బూజు తెగుళ్లు తక్కువ, తెగుళ్లు తక్కువైతే మందుల పిచికారీ తక్కువ. రసాయనాల్లేని సేద్యానికి ఈ ప్రాంతం అనువు కావడానికి సగం కారణం ఈ గాలే. దీనికి పోటీగా సముద్రం వైపు నుంచి ‘మారాన్’ అనే తడిగాలి వస్తుంది. అది వీచిన వారం రైతు కంటిమీద కునుకుండదు.

ముసలి మొద్దుకు మళ్లీ మర్యాద

ఈ కొండల్లో అసలు కథానాయకుడి పేరు ‘కారిన్యాన్’. స్పెయిన్ నుంచి వచ్చిన నల్లద్రాక్ష రకం. ఎండకు, గాలికి వెరవదు. చదును నేలలో వేసి నీళ్లిస్తే కుప్పలుతెప్పలుగా కాస్తుంది. అదే దాని పేరును చెడగొట్టింది. ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం లాంగ్‌దాక్ అంటే లీటర్లకు లీటర్లు పల్చటి చవక వైన్ అని లెక్క. గనుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసే కూలీలు భోజనంతోపాటు తాగే సరుకది. ఆ రోజులు పోయాక నాణ్యత పెంచాలన్నారు. 1980ల్లో కారిన్యాన్‌ను తీసేసి సిరా, గ్రెనాష్, మూర్వెద్ర్‌లాంటి ‘మేలు రకాలు’ వేయమని ప్రోత్సాహకాలిచ్చారు. వేల హెక్టార్లు కొట్టేశారు.

తీరా చూస్తే, నిటారు గుట్టలమీద కొట్టడానికి బద్ధకించి వదిలేసిన యాభై అరవై ఏళ్ల ముసలి కారిన్యాన్ మొద్దులే గొప్ప వైన్ ఇస్తున్నాయని తేలింది! వయసు మీదపడ్డ మొక్క కొద్ది గుత్తులే కాస్తుంది. కానీ ఆ కొద్దిలోనే సారమంతా ఉంటుంది. 2005లో బుత్‌నాక్ చుట్టుపక్కల ఊళ్లకు ప్రత్యేక గుర్తింపు ఇచ్చినప్పుడు కారిన్యాన్ కచ్చితంగా ఉండాలనీ, అదీ తక్కువలో తక్కువ 30 శాతం ఉండాలనీ షరతు పెట్టారు. మొన్న పీకెయ్యమన్నదాన్నే నిన్న తప్పనిసరి చేశారన్నమాట. పీకేసినవాళ్ల ముఖాలు ఎలా ఉండి ఉంటాయో ఊహించుకోవాల్సిందే.

దీంతో వైన్ చేసే పద్ధతీ కాస్త వేరు. మామూలుగా పండ్లను నలిపి, రసాన్నీ తొక్కల్నీ కలిపి పులియబెడతారు. కారిన్యాన్ తొక్క మహా వగరు. అందుకని గుత్తుల్ని నలపకుండా తొట్టిలో నింపి, మూతపెట్టి, లోపల బొగ్గుపులుసు వాయువు నిండేలా చేస్తారు. గాలాడక పండులోపలే పులియడం మొదలవుతుంది. కొద్దిరోజుల తర్వాత పిండితే వగరు దిగకుండా రంగూ వాసనా వస్తాయి. గుత్తి చెదరకూడదు కాబట్టి యంత్రాలు పనికిరావు, చేత్తో కోయాల్సిందే. పొట్టి మొద్దుల దగ్గర నడుం వంచి రోజంతా కోత! ఎకరానికి వచ్చేది తక్కువ, ఖర్చయ్యేది ఎక్కువ. ఆ లెక్క దగ్గరే ఇప్పుడు రైతు తడబడుతున్నాడు.

రెండువేల ఏళ్ల పీకులాట

ద్రాక్షను నాటడం, పీకడం కోర్బియేర్ వాళ్లకు కొత్త కాదు. రోమన్లు క్రీ.పూ. 118లో నార్బొన్‌ను కట్టారు. చుట్టూ ద్రాక్ష వేయించారు. క్రీ.శ. 92లో చక్రవర్తి డొమిషియన్, ఇటలీ బయట ఉన్న రాష్ట్రాల్లో సగం ద్రాక్షతోటలు పీకేయాలని ఆజ్ఞ ఇచ్చాడు. అది పూర్తిగా అమలు కాలేదు. దాన్ని ఎత్తేసే చక్రవర్తి రావడానికి మాత్రం రెండొందల ఏళ్లు పట్టింది.

ఆ తర్వాతి పీకుడు పురుగు వల్ల. అమెరికా నుంచి మొక్కలతోపాటు వచ్చిన ‘ఫిలాక్సెరా’ అనే సూదిమొనంత పేను దక్షిణ ఫ్రాన్స్‌లో 1863లో కనిపించింది. వేళ్లను పీల్చి తోటలకు తోటల్ని ఎండగట్టేసింది. మోన్‌పెలియే శాస్త్రవేత్త ప్లాన్షోన్, మరికొందరు కలిసి 1868లో దొంగను పట్టుకున్నారు. ఆ పురుగును తట్టుకునే అమెరికా ద్రాక్షవేరు మీద ఫ్రెంచి కొమ్మను అంటుకట్టడమే విరుగుడని తేలింది. ఇవాళ్టికీ అదే పద్ధతి. తోటలన్నీ తీసి మళ్లీ నాటారు. ఈసారి ఎంత నాటారంటే, వైన్ వరదలైంది. దానికితోడు అల్జీరియా నుంచి దిగుమతులు, పంచదారా నీళ్లూ కలిపి చేసే కల్తీ సరుకు. ధర నేలకు దిగింది.

1907 మార్చి 11న ఆర్జెలియే అనే ఊరి నుంచి 87 మంది రైతులు నార్బొన్‌కు నడిచి వెళ్లారు. వాళ్లను నడిపించింది మార్సెలాన్ ఆల్బేర్ అనే చిన్నపాటి కాఫీహోటలు యజమాని, ద్రాక్షరైతు. అక్కణ్నుంచి ఆదివారం వస్తే చాలు ఏదో ఒక పట్నంలో సభ. మే 5న నార్బొన్‌లో దాదాపు లక్షమంది. జూన్ 9న మోన్‌పెలియేలో అయిదు లక్షలకు పైనే! అదో జనసముద్రం. ప్రధాని క్లెమాన్సో సైన్యాన్ని దించాడు. జూన్ 19, 20 తేదీల్లో నార్బొన్ వీధుల్లో కాల్పులు జరిగి ఆరుగురు చనిపోయారు. ఆ వార్త తెలిసి 17వ పదాతిదళంలో వందల మంది సైనికులు తిరగబడ్డారు. వాళ్లలో చాలామంది ఆ చుట్టుపక్కల రైతుబిడ్డలే.

ఆల్బేర్ చాటుగా పారిస్ వెళ్లి ప్రధానిని కలిశాడు. తిరుగు రైలు ఖర్చులకని క్లెమాన్సో చేతిలో వంద ఫ్రాంకులు పెట్టాడు. అమాయకుడు తీసుకున్నాడు! ప్రధాని ఆ సంగతి పత్రికలవాళ్లకు చెప్పేశాడు. అమ్ముడుపోయాడంటూ సొంత జనమే ఆయన్ను ఛీకొట్టారు. అయితే పోరాటం మాత్రం వృథా కాలేదు. ఆ జూన్ నెలాఖరుకే కల్తీని అరికట్టే చట్టం వచ్చింది. రైతులు సహకార సంఘాలు పెట్టుకున్నారు. ఊరి మొదట్లో గుడంత ఎత్తున కనిపించే సహకార వైన్‌శాలలు ఈ ప్రాంతపు ఆనవాళ్లయ్యాయి.

గ్లాసు చిన్నబోయింది

ఇక ఇప్పటి పీకుడు. దీనికి రాజూ పురుగూ కారణం కాదు, మారిన అలవాటు. 1960ల మొదట్లో ఫ్రాన్స్‌లో ఏడాదికి తలసరిన వంద లీటర్లకు పైగా వైన్ తాగేవారు. ఇప్పుడది నలభై లీటర్ల చిల్లర. యువత బీరు వైపు మళ్లింది, లేదంటే అసలు మందే మానేస్తోంది. ఆరోగ్యం దృష్టితో చూస్తే సంతోషించాల్సిన మార్పే. తాతల నాటి తోట తప్ప మరో ఆధారం లేని కొండ ఊరికి మాత్రం అదే పిడుగు. దానికితోడు సరిహద్దు అవతల నుంచి వచ్చే స్పెయిన్ చవక వైన్. కడుపుమండిన ఫ్రెంచి రైతులు 2016లో స్పెయిన్ ట్యాంకర్లను ఆపి వైన్‌ను రోడ్డు మీదే పారబోశారు.

ఎండలూ పగబట్టాయి. 2019 జూన్ 28న పొరుగునే ఉన్న ఎరో జిల్లాలో 46 డిగ్రీలు నమోదైంది. ఫ్రాన్స్ చరిత్రలోనే అది రికార్డు. ఆ ఒక్క మధ్యాహ్నం ఆకులు, గుత్తులు దీపం సెగ చూపినట్టు మాడిపోయాయి. 2022 నుంచి వరసగా కరవు. ఈ కొండలకు దక్షిణాన ఉన్న పెర్పిన్యాన్‌లో 2023లో మామూలు వానలో సగం కూడా కురవలేదు.

అందుకే ప్రభుత్వం తోట తీసేస్తే పరిహారం అనగానే రైతులు వరసకట్టారు. 2025 వేసవికి ముందు ఏడాదిలో ఒక్క ఓద్ జిల్లాలోనే దాదాపు 5 వేల హెక్టార్ల తోటలు పోయాయి. ఇందులో రైతును తప్పుపట్టడానికేం లేదు. వయసు మళ్లి, పిల్లలు పట్నంలో స్థిరపడి, సరుకు అమ్ముడుపోక అప్పుల్లో ఉన్నవాడికి ఆ డబ్బు గౌరవంగా తప్పుకునే దారి. చిక్కల్లా ఖాళీ అయిన నేలతోనే. మైదానంలో అయితే ఇంకో పంట వేస్తారు. రాళ్లగుట్ట మీద ఏం వేస్తారు? రెండేళ్లలో గడ్డి, ఆపైన గారీగ్ పొదలు, ఆ వెనకే అలెప్పో పైన్ మొక్కలు. దున్నిన నేల కాస్తా కట్టెలమోపు అయిపోతుంది.

ఆగస్టు 5... మధ్యాహ్నం

2025 ఆగస్టు 5 మధ్యాహ్నం. రిబోత్ గ్రామం దగ్గర నిప్పు రాజుకుంది. నెలల తరబడి వాన లేక పొదలు పెళపెళలాడుతున్నాయి. వాయవ్యపు గాలి బలంగా వీస్తోంది. తోటల్ని తెగుళ్ల నుంచి కాచే ఆ గాలే మంటను గుట్టలు దాటించింది. పదిహేను దాకా ఊళ్లు సెగ చూశాయి. రెండువేల మందికి పైగా అగ్నిమాపక సిబ్బంది దిగారు. సాన్‌లోరాన్ ద లా కాబ్రెరిస్ అనే ఊళ్లో ఓ మహిళ ఇంట్లోనే ప్రాణాలు కోల్పోయింది. ముప్ఫైకి పైగా ఇళ్లు కాలిపోయాయి. అదుపులోకి తేవడానికి మూడు రోజులు, పూర్తిగా ఆర్పడానికి మూడు వారాలు పట్టింది. ఆలోగా దాదాపు 16 వేల హెక్టార్ల మేర మంట తిరిగింది. 1949 తర్వాత ఫ్రాన్స్ మధ్యధరా ప్రాంతంలో ఇంత పెద్ద కార్చిచ్చు లేదు.

పొగ తగ్గాక పైనుంచి తీసిన ఫొటోల్లో ఓ సంగతి కొట్టొచ్చినట్టు కనిపించింది. నల్లటి కొండల మధ్య పచ్చటి ముక్కలు. అవి ద్రాక్షతోటలు! ఇందులో మాయేం లేదు. వరసల మధ్య నేల దున్ని ఉంటుంది, కాలడానికి గడ్డి ఉండదు. ఆగస్టులో ద్రాక్షాకు నీటితో నిండి పచ్చిగా ఉంటుంది. మంట వస్తే బయటి రెండు మూడు వరసలు మాడుతాయి, అంతటితో దానికి మేత దొరకదు. అగ్నిమాపక బండ్లు నిలబడటానికీ తిరగడానికీ ఆ తోటల బాటలే ఆధారమయ్యాయి. తోటలు తీసేసినచోట, ఎప్పుడో వదిలేసినచోట మంటను ఆపేదేదీ లేకపోయింది. ఇన్నాళ్లూ నిప్పుకు అడ్డుకట్టగా నిలబడింది తోటలేననీ, వాటిని తీసేయడం వల్లే ఇంత నష్టమనీ ఊళ్ల మేయర్లు మొత్తుకున్నారు.

తోటలకూ నష్టం తప్పలేదు. వెయ్యి హెక్టార్లకు పైనే దెబ్బతిన్నాయి. కాలని తోటల్ని కూడా పొగ వదల్లేదు. కోతకు కొద్దివారాల ముందు పట్టిన పొగ పండు తొక్కలో ఇంకుతుంది. కడిగినా పోదు. పండు తింటే తెలియకపోవచ్చు, పులిసి వైన్ అయ్యాక మాత్రం బూడిద కంపు బయటపడుతుంది. ఇరుగుపొరుగు ఊళ్లను కాపాడిన తోట పంటే అమ్ముకోవడానికి పనికిరాకుండా పోయిందన్నమాట!

కోటలకు జనం... తోటలకు ఎవరు?

పర్యటకులకు ఇదంతా వెంటనే తెలియదు. వాళ్లు కార్లలో కోటలు చూడ్డానికి వస్తారు. కెరిబూస్, పేర్‌పెర్తూజ్ కోటలు రాతిశిఖరాల అంచుల్లో గద్దగూళ్లలా ఉంటాయి. రోమ్ చర్చి వెంటాడిన ‘కథార్’ మతస్థులు పదమూడో శతాబ్దంలో తలదాచుకున్న చోట్లవి. ఒర్బియూ ఏటి ఒడ్డున లాగ్రాస్ ఊళ్లో మధ్యయుగాల మఠం, రాతి వంతెన, రాతిస్తంభాల సంత మండపం. ఊరి చుట్టూ తోటలు, కొండలు. ఆ దృశ్యం కోసమే జనం వస్తారు. ఆ దృశ్యాన్ని రోజూ దున్నుతూ, కొమ్మలు కత్తిరిస్తూ నిలబెట్టే రైతుకు మాత్రం టికెట్టు డబ్బుల్లో వాటా లేదు.

కొందరు కొత్తదారులు వెతుకుతున్నారు. ఆలివ్, పిస్తా మొక్కలు నాటుతున్నారు. ఎండకు తట్టుకునే గ్రీస్, ఇటలీ ద్రాక్ష రకాల్ని పరీక్షిస్తున్నారు. సిరాకన్నా తాతల నాటి కారిన్యానే ఈ వేడికి నిలుస్తోందని మళ్లీ దానివైపు చూసేవాళ్లూ ఉన్నారు. ఊరి చుట్టూ ఉన్న తోటల్ని అగ్గిని ఆపే గట్లుగా లెక్కగట్టి, వాటిని సాగులో ఉంచినందుకు రైతుకు డబ్బివ్వాలన్నది మరో వాదన. అడవిలో ఫైర్‌లైన్ కొట్టడానికి ఖర్చుపెట్టే ప్రభుత్వం, ఉచితంగా దొరికిన ఫైర్‌లైన్‌ను పీకించడానికి ఖర్చుపెట్టడమేంటన్న ప్రశ్నకు ఇంకా జవాబు రావాల్సే ఉంది.

2025 సెప్టెంబరులో మిగిలిన తోటల్లో కోత జరిగింది. ఓవైపు కాలిన కొండ, మరోవైపు నడుం వంచి గుత్తులు కోస్తున్న మనుషులు. అంచుల్లో మాడిన మొద్దుల్లో ఏవి మళ్లీ చిగురిస్తాయో తెలియాలంటే వసంతం దాకా ఆగాలి. అందుకే చాలామంది వాటిని వెంటనే నరకలేదు. ఆ నవంబరులో ఫ్రాన్స్ వ్యవసాయమంత్రి మరో పథకం ప్రకటించారు. 13 కోట్ల యూరోలు... మరిన్ని ద్రాక్షతోటలు తీసేయడానికి!